ఇంటర్ తర్వాత అమెరికా టాప్ కాలేజీకి: అంత పెద్ద కుప్పలో మీ దరఖాస్తు కనబడాలంటే

జేఈఈకి మీరెవరో అక్కర్లేదు, ర్యాంకు చాలు. ఇంటర్ అయ్యాక నేరుగా హార్వర్డ్‌లోనో ఎంఐటీలోనో డార్ట్‌మత్‌లోనో డిగ్రీ చదవాలనుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది ఒకటే. అక్కడ ర్యాంకు ఉండదు. మీ ఫైలును మనుషులు కూర్చుని చదువుతారు, తమలో తాము మాట్లాడుకుంటారు, ఈ పిల్ల లేదా పిల్లాడు మనకు కావాలా వద్దా అని తేలుస్తారు. 2024లో హార్వర్డ్‌కు 54 వేలకు పైగా దరఖాస్తులు వస్తే సీటు ఇచ్చింది 2 వేల లోపు మందికే.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఇలా దరఖాస్తు చేసే పిల్లలకు సిఫార్సు ఉత్తరాలు రాస్తూ, వాళ్ల వ్యాసాలు చదువుతూ కొన్నేళ్లు గడిచాయి. మార్కులు చాలక ఆగిపోయినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. పదో తరగతిలో 10 జీపీఏ, ఇంటర్లో వెయ్యికి 980, డిబేట్‌లో బహుమతి, అనాథాశ్రమంలో పండ్లు పంచిన ఫొటో. ఇలాంటి ఫైళ్లు పది పక్కపక్కన పెట్టి పేర్లు మూసేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. అసలు చిక్కు అదే. కింద రాసినదంతా ఆ చిక్కు నుంచి బయటపడే పద్ధతి.

మెట్టు 1: ముందు డబ్బు లెక్క తేల్చుకోండి

చాలామంది దీన్ని చివర్లో చూస్తారు. మొదట్లోనే చూడాలి, ఎందుకంటే ఏ కాలేజీలకు దరఖాస్తు చేయాలో తేల్చేది ఇదే. ఈ కాలేజీల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 80 వేల డాలర్ల పైనే. మన లెక్కలో సుమారు 70 లక్షల రూపాయలు. నాలుగేళ్లకు ఎంతవుతుందో చూసి చాలా ఇళ్లలో ఈ మాట అక్కడితో ఆపేస్తారు. ఆపక్కర్లేదు.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హెర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్ లాంటి కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థుల విషయంలో కూడా మీకు ఆర్థిక సాయం కావాలా వద్దా అన్నది సీటు ఇచ్చేటప్పుడు చూడవు. సీటు ఇచ్చాక మీ ఇంటి ఆదాయాన్ని బట్టి ఎంత తగ్గితే అంతా భరిస్తాయి. దీన్ని నీడ్ బ్లైండ్ అంటారు. రెండో రకం స్టాన్‌ఫర్డ్ లాంటివి. సాయం ఇస్తాయి, కానీ విదేశీ విద్యార్థి సాయం అడిగాడన్న సంగతి సీటు ఇచ్చేటప్పుడు లెక్కలోకి వస్తుంది. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటి కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు విదేశీయులకు దాదాపు ఏమీ ఇవ్వవు. కార్నెల్‌లో మన దేశం పిల్లల కోసమే టాటా స్కాలర్‌షిప్ ఉంది. మీకు సాయం తప్పనిసరి అయితే మొదటి రకం కాలేజీలే మీ జాబితాకు వెన్నెముక కావాలి.

ఆదాయం చూపే కాగితాలు ముందే కూర్చుకోండి. ఉద్యోగులకు ఫారం 16, ఐటీ రిటర్నులు ఉంటాయి. వ్యవసాయం మీదో చిన్న షాపు మీదో బతికే ఇళ్లలో అవి ఉండవు. మీసేవలో తహసీల్దార్ ఇచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్కు, వాటితోపాటు ఏటా ఎంత వస్తుందో ఎంత పోతుందో నిజాయితీగా వివరిస్తూ ఒక పేజీ ఉత్తరం పెట్టండి. సాయం కోసం చాలా కాలేజీలు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి. అది పొడవైన ఫారం, ఒక ఆదివారంలో అయ్యే పని కాదు. ఒక్కో కాలేజీ దరఖాస్తుకు 75 నుంచి 90 డాలర్ల దాకా ఫీజు ఉంటుంది. కట్టలేని పరిస్థితి అయితే ఫీజు మినహాయింపు అడగండి. అడగడం వల్ల సీటు పోదు.

మెట్టు 2: మార్కులు, శాట్

దీని మీద మన పిల్లలకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్ల మార్కులు అడుగుతారు. తొమ్మిదో తరగతి మార్కులు కూడానా అని ఆశ్చర్యపోయే తల్లిదండ్రులు చాలామంది. పాత స్కూలుకు వెళ్లి సీలు వేయించుకుని తెచ్చుకోవడం సెలవుల్లోనే పూర్తి చేయండి.

శాట్ అంటే అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే పరీక్ష. కరోనా సమయంలో అది అక్కర్లేదన్న పేరున్న కాలేజీల్లో కొన్ని మళ్లీ అడుగుతున్నాయి. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో ఆ నిర్ణయం తీసుకున్నాయి. పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీదే, 2 గంటల 14 నిమిషాలు. ఎంపీసీ పిల్లలకు లెక్కల భాగం భారం కాదు, ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకునే భాగమే కింద పడేస్తుంది. ఇంటర్ మొదటి ఏడాది అయ్యాక వేసవిలో ఒకసారి, అవసరమైతే ఆగస్టులోనో అక్టోబర్‌లోనో ఇంకోసారి రాయండి. శాట్ స్కోరు 1520ని 1560 చేయడానికి మూడోసారి, నాలుగోసారి రాసే నెలలు కింద చెప్పబోయే పనికి పెడితే పదింతలు లాభం.

మెట్టు 3: ఒక్క చోట లోతుగా తవ్వండి

ఎంఐటీ తన దరఖాస్తులో చదువు బయట చేసే పనులు నాలుగే రాయమంటుంది, ఐదో దానికి చోటే ఉండదు. మిగతా కాలేజీలు ఎక్కువగా వాడే కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలకు ఒకే చోట నుంచి దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైట్‌లో, పది గడులు ఉంటాయి. పది ఉన్నాయి కదా అని పది నింపడానికి పరిగెత్తడం దగ్గరే మన పిల్లలు దారి తప్పుతున్నారు.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వాళ్ల నాన్నకు మోటార్ వైండింగ్ షాపు. యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజుల్లో, అంటే ఫిబ్రవరి, మార్చిలో, కాలిపోయిన మోటార్లు షాపు ముందు వరసగా పడి ఉండేవి. ఈ అబ్బాయి సెలవుల్లో కాలిన తీగ పీకేవాడు. పీకుతూ పీకుతూ ఒకటి గమనించాడు. కొన్ని మోటార్లలో మూడు ఫేజుల చుట్లూ ఒకేలా నల్లబడి ఉండేవి. ఇంకొన్నింట్లో రెండు మాడిపోయి, మూడోది మాత్రం కొత్త తీగలా మెరుస్తూ ఉండేది. నాన్నను అడిగితే, అట్లాంటిది ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూనే ఉంటే కాలిందిరా అన్నాడు.

మామూలుగా అయితే ఆ మాట అక్కడితో అయిపోయేది. వీడు ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి గీతలు కొట్టాడు. తేదీ, ఊరు, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద బావి, ఎన్ని హెచ్‌పీ, చుట్లు ఎలా కాలాయి. 14 నెలల్లో 212 మోటార్లు రాశాడు. మూడు చుట్లూ కాలినవాటిలో ఎక్కువ భాగం రెండే ట్రాన్స్‌ఫార్మర్ల కింద నుంచి వస్తున్నాయని ఆ పుస్తకంలోనే తేలింది. ఆ ఊళ్లకు వెళ్లి చూశాడు. అక్కడ అందరి స్టార్టర్లకూ ఆటోమేటిక్ డబ్బాలు బిగించి ఉన్నాయి. కరెంటు పోయి వచ్చిందంటే మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, చుట్లు వేడెక్కుతాయి. తీగలో కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ అప్పు తెచ్చి కొలిచాడు. పుస్తకం తీసుకెళ్లి సబ్‌స్టేషన్‌లో ఏఈకి చూపించాడు. ఒక ఊళ్లో రైతులను కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరు వేసుకునేలా వంతులు పెట్టించాడు.

ఇందులో ఎన్జీవో లేదు, సర్టిఫికెట్ లేదు, పైసా ఖర్చు లేదు. అయినా ఈ ఫైలు చదివినవాళ్లు ఇంకో పిల్లాడితో పొరబడే అవకాశమే లేదు. మీ దగ్గర వైండింగ్ షాపు ఉండాలని నేను అనడం లేదు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మాయికి వేసవిలో రోజుకు ఎన్ని నీళ్ల ట్యాంకర్లు వస్తున్నాయో, బోరు ఎప్పుడు ఎండిందో రాసే అవకాశం ఉంది. శ్రీకాకుళం అమ్మమ్మ ఉన్న పిల్లకు ఆమె వాడే, మనం మరిచిపోతున్న మాటలు ఉన్నాయి. లెక్కలంటే ప్రాణం ఉన్నవాళ్లకు దారి ముందే వేసి ఉంది. ఐఓక్యూఎం, ఆర్‌ఎంఓ, ఐఎన్‌ఎంఓ అనే మ్యాథ్స్ ఒలింపియాడ్ పరీక్షలు. ఈ పరీక్షల్లో ముందుకు వెళ్లడం అంటే ఏమిటో అక్కడివాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎంచుకునేటప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇది: ఎవరూ చూడకపోయినా, దరఖాస్తు అన్నదే లేకపోయినా, నేను ఈ పని చేస్తానా? ఎంఐటీ వ్యాసాల్లో ఒకటి కేవలం ఇష్టం కొద్దీ మీరు చేసే పని గురించి చెప్పమంటుంది. చాలామంది పిల్లలు అక్కడ కలం ఆపి కూర్చుంటారు.

టైమ్ ఎక్కడుంది సార్ అని అడుగుతారు. హాస్టల్లో పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్సే అన్నది నిజం. పదో తరగతి పరీక్షలయ్యాక ఇంటర్ మొదలయ్యేలోపు వచ్చే వేసవి మీకు దొరికే పెద్ద ఖాళీ, దాన్ని వదులుకోవద్దు. తర్వాత దసరా, సంక్రాంతి సెలవులు. ఈ దారినే వెళ్లాలని గట్టిగా అనుకున్నవాళ్లు హాస్టల్ కాకుండా డే స్కాలర్‌గా చేరడం మంచిదని నా అభిప్రాయం. ఆ నిర్ణయం ఇంట్లో అందరూ కూర్చుని తీసుకోవాలి.

మెట్టు 4: 150 అక్షరాల్లో పట్టించండి

కామన్ యాప్‌లో ఒక్కో పనిని వివరించడానికి ఇచ్చేది ఇంగ్లిష్‌లో 150 అక్షరాలు, మధ్య ఖాళీలతో కలిపి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నది విడిగా అడుగుతారు. ఆ అబ్బాయి మొదట రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంది: "నాన్నగారి షాపులో సాయం చేశాను. కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు, సమయపాలన నేర్చుకున్నాను."

మూడు రోజులు కూర్చుని మార్చాక ఇలా అయింది: "కాలిన మోటార్లు విప్పి మళ్లీ చుట్టాను. 14 నెలల్లో 212 మోటార్లు ఎందుకు కాలాయో రాశాను. ఒక ఊళ్లో వంతుల పద్ధతి పెట్టించాను."

రెండోదాంట్లో గుణాల పేర్లు ఒక్కటీ లేవు. చేసిన పని ఉంది, లెక్క ఉంది, దానివల్ల ఏం జరిగిందో ఉంది. కష్టపడే తత్వం ఉందో లేదో చదివేవాళ్లే తెలుసుకుంటారు. ఇంకో మాట. తమ్ముణ్ణి చూసుకోవడం, పొలం పని, ఇంట్లో వంట, షాపులో కూర్చోవడం లాంటివి రాయడానికి మన పిల్లలు సిగ్గుపడతారు. కామన్ యాప్‌లో కుటుంబ బాధ్యతలకు విడిగా ఒక విభాగమే ఉంది. రోజుకు మూడు గంటలు నానమ్మకు సేవ చేసిన పిల్లకు ఏ క్లబ్బూ లేకపోయినా, ఆ మూడు గంటలూ రాయాల్సిందే.

మెట్టు 5: వ్యాసం

ముఖ్య వ్యాసం 650 మాటలు మించకూడదు. ఇచ్చిన అంశాల్లో చివరిది మీ ఇష్టమొచ్చిన దాని మీద రాయమంటుంది, కాబట్టి అంశం గురించి టెన్షన్ అక్కర్లేదు.

నేను చదివిన మొదటి చిత్తుప్రతుల్లో సగానికి పైగా "చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ఆసక్తి" అనే మొదలవుతాయి. తర్వాత కలాం గారి మాట ఒకటి, తర్వాత ప్రపంచాన్ని మారుస్తానన్న ముగింపు. ఈ అబ్బాయిదీ అంతే. నేను కాగితం పక్కన పెట్టేసి, రెండు చుట్లు మాడి ఒకటి మెరుస్తున్న మోటారు మొదటిసారి చూసిన రోజు చెప్పు అన్నాను. తెలుగులోనే చెప్పాడు. షాపులో కాలిన తీగ వాసన, బయట సైకిల్ మీద ఎదురుచూస్తున్న రైతు, ఆయన పొలంలో ఇంకో రెండు రోజులకు ఎండిపోయే వరి. నాన్న ఆ మోటారును చూడగానే మనసులో లెక్క వేసుకుని డబ్బులు తగ్గించి చెప్పడం. మోటార్లు కాలితేనే తమ ఇల్లు గడుస్తుందనీ, కాలకుండా చేయడానికి తను పుస్తకం రాస్తున్నాననీ ఒకరోజు తట్టిందట. నాన్నకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక వారం రోజులు పుస్తకం దాచేశాడు.

వ్యాసం అక్కడుంది. 212 మోటార్ల లెక్క పనుల జాబితాలో చెప్పేశాం, మళ్లీ ఇక్కడ అక్కర్లేదు. ఆ వారం రోజులు పిల్లాడి మనసులో ఏం నడిచిందో, చివరికి నాన్నతో ఏమన్నాడో, నాన్న ఏమన్నాడో, అదే రాశాడు.

మీరూ ఇలా చేసి చూడండి. ముందు తెలుగులో, ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. విని, మీరే ఇంగ్లిష్‌లో రాయండి. పెద్ద పెద్ద మాటలు వెతకొద్దు. ఒకరిద్దరికి చూపించండి, పది మందికి చూపించొద్దు. పది మంది దిద్దాక అందులో మీ గొంతు మిగలదు. కృత్రిమ మేధతో రాయించి మీ రాతగా పంపితే కామన్ యాప్ నియమాల ప్రకారం అది మోసమే. పైగా అలా వచ్చిన వ్యాసం, మనం మొదట చెప్పుకున్న పేర్లు మూసేసిన ఫైళ్లలోకే పోతుంది.

ఇక మా కాలేజీయే ఎందుకు అని విడిగా అడిగే చిన్న వ్యాసాలు. వీటికి కాలేజీ వెబ్‌సైట్‌లో ఒక సాయంత్రం గడపాలి. డార్ట్‌మత్‌లో థేయర్ ఇంజినీరింగ్ స్కూలు ఉంది, అక్కడ ఇంజినీరింగ్ చదివేవాళ్లు మిగతా కళల, సమాజ శాస్త్రాల కోర్సులు కూడా చదువుతారు. మోటార్లతో పాటు రైతుల వంతుల గొడవ కూడా అర్థం చేసుకోవాలనుకునే పిల్లాడికి అది చెప్పుకోదగ్గ కారణం. ప్రపంచంలో పేరున్న కాలేజీ అన్నది కారణం కాదు.

మెట్టు 6: లెక్చరర్ల ఉత్తరాలు

ఇక్కడ మన కాలేజీల పిల్లలు చాలా నష్టపోతున్నారు. సాధారణంగా ఇద్దరు లెక్చరర్లు, కౌన్సెలర్ స్థానంలో ఇంకొకరు రాయాలి. మన జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్ అన్న పోస్టే ఉండదు కాబట్టి ప్రిన్సిపాల్ ఆ పని చేయొచ్చు. కాలేజీ గురించి ఒక పేజీ కూడా ఆయనే పంపాలి. సెక్షన్‌లో ఎంతమంది, ఏ బోర్డు, మార్కులు ఎలా ఇస్తారు అన్నది అందులో ఉంటే మీ 980 విలువ వాళ్లకు అర్థమవుతుంది.

నేను రాసిన మొదటి ఉత్తరం నాకింకా గుర్తుంది. సిన్సియర్, ఒబీడియంట్, హార్డ్‌వర్కింగ్. పొగడ్తలతో పేజీ నింపాను. ఆ అమ్మాయి లాబ్‌లో లోలకం ప్రయోగం రీడింగు పుస్తకంతో సరిపోలేదని, మిగతావాళ్లలా దిద్దుకోకుండా, దారం సాగుతోందని కనిపెట్టేదాకా నాలుగుసార్లు చేసింది. ఆ సంగతి నాకు తెలుసు. రాయాలని తట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకని జులైలోనే లెక్చరర్‌ను కలవండి. సార్, మీ క్లాసులో ఇలా జరిగింది, గుర్తుందా అని రెండు మూడు సంఘటనలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఉత్తరం మాత్రం ఆయనే రాయాలి. నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను అనే లెక్చరర్లు ఉన్నారు. దానికి ఒప్పుకోవద్దు. ఆయన తెలుగులో చెబితే ఇంగ్లిష్ బాగా వచ్చిన ఇంకో లెక్చరర్ సాయం తీసుకోమనండి. మిమ్మల్ని బాగా ఎరిగినవారిని అడగండి, హెచ్‌ఓడీ అని పదవి చూసి అడగొద్దు.

మెట్టు 7: అబద్ధం దగ్గరికి పోవద్దు

డబ్బు తీసుకుని రీసెర్చ్ పేపర్ వేయిస్తాం, ఎన్జీవో పెట్టిస్తాం, వ్యాసం రాసిస్తాం అనేవాళ్లు హైదరాబాద్‌లో దొరుకుతారు. 2024లో పెన్సిల్వేనియాలోని ఒక యూనివర్సిటీలో పూర్తి స్కాలర్‌షిప్‌తో చదువుతున్న భారతీయ విద్యార్థి దొంగ మార్కుల పత్రాలు పెట్టాడనీ, బతికున్న తండ్రి చనిపోయాడని చూపాడనీ బయటపడి అరెస్టయ్యాడు. చదువు పోయింది, దేశం వదిలి రావాల్సి వచ్చింది. ఉచితంగా సలహా కావాలంటే అమెరికా ప్రభుత్వం నడిపే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ ఉంది, హైదరాబాద్‌లోనూ అందుబాటులో ఉంది. లక్షలు పోసే ముందు అక్కడ అడగండి.

మెట్టు 8: ఏ నెలలో ఏ పని

ఆగస్టు 1న కామన్ యాప్ కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. వ్యాసం చిత్తుప్రతి అప్పటికే చేతిలో ఉండాలి. నవంబర్ 1 చుట్టూ ముందస్తు గడువు, జనవరి మొదటి వారంలో మామూలు గడువు. ముందస్తులో ఎర్లీ డెసిషన్ అనేదానికి ఒక్క కాలేజీకే పెట్టాలి, సీటు వస్తే చేరతానని సంతకం పెట్టాలి. ఇంట్లో డబ్బు సంగతి తేలకుండా ఆ సంతకం చేయకండి. జనవరిలో జేఈఈ మెయిన్ కూడా ఉంటుంది కాబట్టి డిసెంబర్ 20 మీ సొంత గడువు అనుకోండి. కామన్ యాప్‌లో 20 కాలేజీల దాకా పెట్టొచ్చు, కానీ ప్రతి దానికీ విడి వ్యాసాలుంటాయి. పది, పన్నెండు చాలు. జేఈఈ, ఎప్‌సెట్ వదిలేయకండి. ఇక్కడ ఒక సీటు చేతిలో ఉంటేనే అక్కడి ఫలితం కోసం నిబ్బరంగా ఎదురుచూడగలరు.

పంపే ముందు ప్రివ్యూ పీడీఎఫ్ తీసి కాగితం మీద ప్రింటు వేసి చదవండి. పాస్‌పోర్టులో, టెన్త్ మెమోలో, దరఖాస్తులో ఇంటిపేరు ఒకేలా ఉందో చూడండి. మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక ఉండటం మన దగ్గర మామూలే. వేరుగా ఉంటే ఆ సంగతి అదనపు వివరాల గడిలో రెండు వాక్యాల్లో చెప్పండి.

ఫిబ్రవరిలో హాఫ్‌ ఇయర్లీ, ప్రీఫైనల్ మార్కులు ప్రిన్సిపాల్ ద్వారా పంపించాలి. కొన్ని కాలేజీలు పాత విద్యార్థులతో వీడియోలో ఇంటర్వ్యూ పెడతాయి. అది వైవా కాదు. బట్టీ పట్టిన జవాబులు చెప్పొద్దు, మీ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి, అడిగితే తెరిచి చూపించండి.

ఫలితాలు మార్చి ఆఖరుకల్లా వస్తాయి. ఆ అబ్బాయి 11 కాలేజీలకు పెట్టాడు. తొమ్మిది కాదన్నాయి, ఒకటి వెయిట్‌లిస్టులో పెట్టింది, ఒకటి పూర్తి సాయంతో సీటు ఇచ్చింది. రెండు మూడు చోట్ల వస్తే సాయం ఉత్తరాలు పక్కపక్కన పెట్టి, అప్పు ఎంత, క్యాంపస్‌లో పని చేసి సంపాదించాల్సింది ఎంత, ఏటా విమాన టికెట్టు ఎవరి ఖర్చు అన్నది విడివిడిగా చూడండి. చాలక పోతే మే 1 గడువు లోపు కాలేజీకి రాసి మరోసారి చూడమని అడగొచ్చు. ఒప్పుకున్నాక వాళ్లు విద్యార్థి వీసాకు కావాల్సిన ఐ-20 అనే పత్రం పంపుతారు. అది చేతికి రాగానే హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్లాట్ చూడటం మొదలుపెట్టండి. వేసవిలో అందరూ ఒకేసారి ఎగబడతారు.